ఎండ లెక్క వేరు, వెలుతురు లెక్క వేరు: హైదరాబాద్‌లో కట్టేవాళ్లకు ఏ మోడలింగ్ పద్ధతి సరిపోతుంది?

కొత్తగా ఇల్లు కట్టేవాళ్లూ, ఆఫీసు ఫ్లోర్ డిజైన్ చేయించేవాళ్లూ, ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్లలూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే, డేలైట్ సిమ్యులేషన్‌కి, అంటే గదిలోకి పగటి వెలుతురు ఎంత వస్తుందో కంప్యూటర్‌లో లెక్క కట్టడానికి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని. పేరు చెప్పడానికి నిమిషం పట్టదు, కానీ ఏం తేల్చుకోవడానికి అడుగుతున్నారో తెలియకుండా పేరు చెప్తే మీకు ఉపయోగం ఉండదు. కిటికీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలా, సన్‌షేడ్ ఎంత బయటికి రావాలో చూడాలా, ఏ గ్లాస్ కొనాలా, లేక బిల్డింగ్ కోడ్ కోసం కాగితాలు కావాలా, వీటిలో ఒక్కోదానికి సరిపోయే పద్ధతి వేరు, అయ్యే ఖర్చు వేరు. కొన్నింటికి ఫోన్ చాలు. కొన్నింటికి అట్టముక్కలు, కత్తెర చాలు. కొన్నింటికి మాత్రం నిజంగానే పెద్ద సాఫ్ట్‌వేర్ కావాలి, దాన్ని సరిగ్గా నడపడం తెలిసిన మనిషి కూడా కావాలి.

అన్నిటికంటే ముందు ఎండను, వెలుతురును విడదీసి చూడండి. ఎండ అంటే సూర్యుడి నుంచి నేరుగా కిటికీలోకి వచ్చి పడేది. వెలుతురు అంటే ఆకాశం నుంచి, ఎదురింటి గోడ నుంచి, నేల నుంచి తిరిగి వచ్చేది. చదువుకోవడానికైనా వంటకైనా మనకు కావాల్సింది ఈ రెండోదే, అది రెండు మూడు వందల లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) ఉంటే చాలా పనులకు సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, దాంతోపాటే వేడి. చిన్న లెక్క వేసుకుందాం. పడమర గోడకి 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీ ఉంది, ఎదురుగా నీడ ఏమీ లేదు. ఏప్రిల్‌లో సాయంత్రం 4 గంటలకు ఎండ బాగా కాసే రోజున ఆ గోడ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్లు పడతాయి, మామూలు క్లియర్ గ్లాస్ అందులో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది, కిటికీ వైశాల్యం 1.86 చదరపు మీటర్లు, అంటే గదిలోకి 900 వాట్లకు దగ్గరగా వేడి వస్తుంది. ఒక టన్ను ఏసీ బయటికి తోసేది 3,500 వాట్ల వేడి. ఆ ఒక్క కిటికీయే పావు టన్ను తినేస్తోంది. ఆ వెలుతురు ఉంది కదా అని మీరు ఆర్పేసిన ట్యూబ్‌లైట్ ఎంత? ఎల్‌ఈడీ అయితే 20 వాట్లు.

అందుకే వెలుతురు ఎక్కువైతే కరెంటు బిల్లు తగ్గుతుందనే మాట మన ఊళ్లో సగమే నిజం. ఎండ రాకుండా వెలుతురు వస్తేనే బిల్లు తగ్గుతుంది. మీరు ఎంచుకునే పద్ధతి ఈ రెంటినీ విడివిడిగా చూపించగలదా లేదా అన్నదే నేను మొదట చూస్తాను.

మన ఊరి సూర్యుడు

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే కర్కట రేఖకు దిగువన. ఏటా మే 9, ఆగస్టు 3 తేదీల దగ్గర మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు స్తంభానికి నీడే ఉండదు. ఈ రెండు తేదీల మధ్య, దాదాపు మూడు నెలల పాటు, మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. జూన్‌లో అయితే తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉదయించి, అంతే ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. "నార్త్ లైట్ ఎప్పుడూ చల్లగా ఉంటుంది, షేడ్ అక్కర్లేదు" అని చాలామంది నమ్ముతారు, యూరప్ పుస్తకాల్లో అలాగే ఉంటుంది, కానీ ఇక్కడ మే నుంచి జూలై దాకా ఉత్తరపు కిటికీకి పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. అయినా నాలుగు దిక్కుల్లో మేలైనది ఉత్తరమే, పక్కల్లో నిలువు ఫిన్‌లు (గోడ నుంచి బయటికి వచ్చే పలకలు) కాస్త పెడితే సరిపోతుంది.

దక్షిణం గురించి జనానికి భయం ఎక్కువ, నిజానికి అంత భయం అవసరం లేదు. మార్చి 21న మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 72 డిగ్రీలు దాటుతుంది, 2 అడుగుల సన్‌షేడ్ నీడ అప్పుడు 6 అడుగుల కిందిదాకా వస్తుంది, అంటే 4 అడుగుల కిటికీ మొత్తం నీడలోనే. డిసెంబర్‌లో ఎత్తు 49 డిగ్రీలకు పడిపోతుంది, అదే సన్‌షేడ్ 2 అడుగుల పైచిలుకు మాత్రమే కాపాడుతుంది, కిటికీ కింది సగానికి ఎండ వస్తుంది, మన చలికాలానికి ఆ ఎండ హాయిగానే ఉంటుంది.

అసలు సమస్య పడమర. ఏప్రిల్ మూడో వారంలో సాయంత్రం 4 గంటలకు సూర్యుడు దాదాపు సరిగ్గా పడమరన, 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అదే 2 అడుగుల సన్‌షేడ్ నీడ అప్పుడు అడుగున్నర కూడా దిగదు. 5 గంటలకు సుమారు 9 అంగుళాలు. కాబట్టి నాలుగు వైపులా ఒకే కొలత సన్‌షేడ్ పోసే అలవాటు పడమరకు ఏమీ చేయదు, అక్కడ కిటికీ చిన్నదిగా పెట్టాలి, లేదా బయట జాలీ, నిలువు లూవర్లు, వెదురు చిక్ లాంటివి ఉండాలి. ఇక్కడిదాకా నేను చెప్పిన దేనికీ సిమ్యులేషన్ అక్కర్లేదు చూడండి, సూర్యుడి కోణాలు తెలిస్తే చాలు.

మొదటి దారి: సన్‌పాత్, షాడో మోడల్, అట్ట నమూనా

ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామందికి ఈ దారితోనే పని అయిపోతుందని నా గట్టి నమ్మకం. ఇందులో మూడు రకాలున్నాయి.

సన్‌పాత్ అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారి, దాన్ని చూపించే, బ్రౌజర్‌లో నడిచే టూల్స్ ఉచితం. పాతకాలపు ఈకోటెక్ట్ సాఫ్ట్‌వేర్ తయారు చేసిన ఆండ్రూ మార్ష్ పెట్టిన 3డి సన్‌పాత్ వాటిలో బాగుంటుంది, ఊరు ఎంచుకుని తేదీ, టైమ్ జరుపుతూ పోతే కోణాలు కళ్లముందే మారతాయి. ఈకోటెక్ట్‌ని ఆటోడెస్క్ 2008లో కొని 2015లో అమ్మకం ఆపేసింది, కాబట్టి పాత నోట్స్ పట్టుకుని దానికోసం వెతకొద్దు.

రెండోది స్కెచప్ లాంటి 3డి మోడల్లో నీడలు చూడటం. ఇది ఎలివేషన్ వేసే కుర్రాళ్లందరికీ వచ్చు, కానీ లొకేషన్ పెట్టకుండానే నీడలు ఆన్ చేసేవాళ్లు ఎక్కువ, అప్పుడు మీరు చూసేది అమెరికాలోని కొలరాడో నీడలు, ఎందుకంటే స్కెచప్ డిఫాల్ట్‌గా బౌల్డర్ అనే ఊరి సూర్యుడినే చూపిస్తుంది. లొకేషన్ హైదరాబాద్‌కి మార్చాలి, టైమ్ జోన్ 5:30 ఉందో లేదో చూడాలి, ఉత్తరం సరిగ్గా తిప్పాలి. మన లేఅవుట్లలో "ఈస్ట్ ఫేసింగ్" అనే ప్లాటు నిజంగా పది పదిహేను డిగ్రీలు అటో ఇటో తిరిగి ఉండటం మామూలే, ఫోన్ దిక్సూచి ఇనుము దగ్గర తప్పు చూపిస్తుంది, శాటిలైట్ మ్యాప్‌లో రోడ్డు కోణం కొలుచుకోవడం మేలు. అన్నీ సరిగ్గా పెట్టారో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, మోడల్లో ఒక నిలువు స్తంభం నిలబెట్టి మే 9 మధ్యాహ్నం 12:12కి నీడ చూడండి. నీడ మాయమైతే మీ సెట్టింగ్ సరైనది. బాగా కనిపిస్తుంటే ఎక్కడో తప్పు ఉంది.

మూడోది అట్ట నమూనా. 1:50 స్కేల్‌లో అట్టతో ఇల్లు చేసి, 17 డిగ్రీల అక్షాంశానికి గీసిన సన్‌డయల్ కాగితాన్ని ఉత్తరం కలిసేలా దాని పక్కన అంటించి, ఆ కాగితం మీద చెప్పిన ఎత్తున్న పుల్లను గుచ్చి, టెర్రస్ మీదికి తీసుకెళ్లండి. పుల్ల నీడ మొన మీకు కావాల్సిన నెల, గంట మీద పడేదాకా నమూనాని వంచండి, అప్పుడు లోపల పడే ఎండే ఆ నెలలో ఆ గంటకి మీ ఇంట్లో పడే ఎండ. కంప్యూటర్ స్క్రీన్ చూసి తలూపే ఇంటి పెద్దవాళ్లు కూడా నమూనా చూస్తే వెంటనే "ఈ కిటికీ ఇక్కడొద్దు" అంటారు, వాస్తు కోసం పట్టుబట్టే చోట కూడా కళ్లతో చూసిన నీడకు విలువ ఉంటుంది. నాకు ఈ మూడింటిలో ఇదే ఇష్టం.

ఈ దారి చెప్పలేనిది ఒకటుంది, గది లోపల ఎంత వెలుతురు ఉంటుందో ఇది చెప్పదు.

రెండో దారి: డేలైట్ ఫ్యాక్టర్

మబ్బు పట్టిన ఆకాశం కింద బయట ఉన్న వెలుతురులో ఎంత శాతం గదిలోకి చేరుతుందో చెప్పేది డేలైట్ ఫ్యాక్టర్. వెలక్స్ కంపెనీ ఉచితంగా ఇచ్చే డేలైట్ విజువలైజర్ దీన్ని చక్కగా, తేలిగ్గా చూపిస్తుంది. డయలక్స్ కూడా ఉచితమే, కానీ అది ముందుగా లైట్ ఫిట్టింగుల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్, డేలైట్ దానికి పక్క పని.

మన దేశానికీ ఒక పద్ధతి ఉంది, 1975 నాటి ఐఎస్ 2440 అనే భారతీయ ప్రమాణం. అందులో సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పటి నిర్మలాకాశాన్ని తీసుకుని బయట 8,000 లక్స్ అని స్థిరపరిచారు, కాబట్టి 1 శాతం అంటే 80 లక్స్. వంటగదికి 2.5 శాతం అడుగుతుంది, అంటే 200 లక్స్. చేత్తో లెక్క కట్టేవాళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది.

కానీ హైదరాబాద్‌లో కేవలం డేలైట్ ఫ్యాక్టర్ మీద ఆధారపడి కిటికీలు నిర్ణయించడం నేను ఒప్పుకోను. సాఫ్ట్‌వేర్ వాడే మబ్బు ఆకాశానికి దిక్కులతో పని లేదు, దానికి పడమర కిటికీ అయినా ఉత్తరం కిటికీ అయినా ఒకటే మార్కు. మనకు అలాంటి ఆకాశం వానాకాలంలో ఉంటుంది, మిగతా నెలల్లో చాలా భాగం ఎండే. ఆ ఒక్క అంకె పెంచుకుంటూ పోతే పడమరన పెద్ద గాజు పెట్టేసి, పైన చెప్పిన 900 వాట్లను ఇంట్లోకి పిలుచుకున్నట్టవుతుంది. రెండు ప్లాన్లను పోల్చడానికి, డక్ట్ (గాలి, వెలుతురు కోసం బిల్డింగ్ మధ్యలో వదిలే ఇరుకు ఖాళీ) వైపు గది ఎంత చీకటిగా ఉంటుందో చూడటానికి మాత్రం ఇది బాగా పనిచేస్తుంది.

డక్ట్ అన్నాను కాబట్టి ఒక మాట. 200 గజాల్లో నాలుగు అంతస్తులు లేపి, మధ్యలో మూడడుగుల డక్ట్ వదిలి, బెడ్‌రూమ్ కిటికీ అందులోకి తెరిస్తే కింది అంతస్తుకు వెలుతురు దాదాపు రాదు. పాత మండువా ఇళ్లలో మధ్యన అంత విశాలంగా ఆకాశం వదిలారు కాబట్టే చుట్టూ గదులకు వెలుతురు అందింది. సాఫ్ట్‌వేర్ లేకుండానే దీన్ని పరీక్షించవచ్చు, గదిలో మీరు కూర్చునే చోట నుంచి కిటికీలోకి చూస్తే ఆకాశం ముక్క కనిపిస్తుందా? సెక్షన్ డ్రాయింగ్ మీద స్కేలు పెట్టి గీత గీసినా తెలుస్తుంది. కనిపించకపోతే ఆ చోట పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే.

మూడో దారి: ఏడాది పొడవునా గంట గంటకీ

ఇది నిజమైన పెద్ద పని. హైదరాబాద్ వాతావరణ ఫైలు తీసుకుని, బేగంపేట స్టేషన్‌ది ఇష్రే (ఏసీ ఇంజనీర్ల సంఘం) తయారు చేసినది ఉచితంగా దొరుకుతుంది, ఏడాదిలో ప్రతి గంటకీ గదిలో ప్రతి చోటా ఎన్ని లక్స్ అని లెక్క కడతారు. లెక్క కట్టే ఇంజిన్ చాలాచోట్ల రేడియన్స్, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో గ్రెగ్ వార్డ్ 1980లలో మొదలుపెట్టినది, ఇప్పటికీ ఉచితం, ఓపెన్ సోర్స్. దాన్ని నేరుగా కమాండ్లతో నడపడం కష్టం కాబట్టి పైన వేరే టూల్స్ వాడతారు. లేడీబగ్, హనీబీ ఉచితం, కానీ అందరూ వాడే రైనో అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో నడపాలంటే రైనో కొనాలి, 90 రోజుల ట్రయల్ ఉంది. సోలెమ్మా వాళ్ల క్లైమేట్‌స్టూడియో డబ్బులు పెట్టి కొనాలి, వేగంగా ఉంటుంది, నేర్చుకోవడం తేలిక. రోజూ ఇదే పని చేసే ఆఫీసుకు క్లైమేట్‌స్టూడియో, నేర్చుకోవాలనుకునే విద్యార్థికి హనీబీ, ఇదే నా సలహా. హనీబీలో ఒక్కో వైరు మీరే కలపాలి కాబట్టి లోపల ఏం జరుగుతోందో అర్థమవుతుంది.

ఫలితాన్ని ఏ అంకెలో అడగాలన్నది కూడా ఎంచుకోవాల్సిందే. లీడ్ అనే అమెరికా గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ అడిగేది ఎస్‌డీఏ, పని గంటల్లో సగం సేపు 300 లక్స్ అందే నేల ఎంత శాతం అని. దానికి పైన హద్దు లేదు, అందుకే ఏఎస్ఈ అని ఇంకొకటి జత చేశారు, నేరుగా పడే ఎండ 1,000 లక్స్ దాటి ఏడాదిలో 250 గంటల కన్నా ఎక్కువ ఉండే నేల ఎంతో అది చెబుతుంది. మన దేశపు వాణిజ్య భవనాల ఎనర్జీ కోడ్ ఈసీబీసీ 2017 వాడేది యూడీఐ, అంటే పనికొచ్చే వెలుతురు లెక్క, 100 నుంచి 2,000 లక్స్ మధ్యనే లెక్కలోకి తీసుకుంటుంది, ఆఫీసులకూ విద్యాసంస్థలకూ పగటి వేళల్లో 90 శాతం సేపు ఆ మధ్యలో ఉండే నేల కనీసం 40 శాతం కావాలంటుంది. పైన హద్దు ఉంది కాబట్టి మన ఎండకు యూడీఐయే నాకు సరిగ్గా అనిపిస్తుంది, లీడ్ కోసం ఎస్‌డీఏ చేయించినా పక్కన యూడీఐ మ్యాప్ కూడా అడగండి. ఇంకో సంగతి, ఈసీబీసీలో కిటికీ ఎత్తును బట్టి చేత్తో కట్టే పద్ధతి కూడా ఉంది, చిన్న బిల్డింగ్‌కి సిమ్యులేషన్ తప్పనిసరి అని ఎవరైనా చెబితే కోడ్ తెరిచి చూడండి.

కన్సల్టెంట్ రంగుల మ్యాప్ తెచ్చి చూపించినప్పుడు నేను వెతికేవి ఇవి. పక్క బిల్డింగులు మోడల్లో ఉన్నాయా? ఖాళీ ప్లాటు ఉంటే రేపు అక్కడ లేచే బిల్డింగ్‌ని కూడా ఊహించారా? గోడ 50, సీలింగ్ 70 నుంచి 80, నేల 20 శాతం కాంతిని తిప్పి పంపుతాయని తీసుకోవడం మామూలు, మీరు వేసేది ముదురు గ్రానైట్, గోధుమరంగు సీలింగ్ అయితే ఆ ఫలితం మీది కాదు. గ్రిల్లు, దోమల జాలి లెక్కలో ఉన్నాయా, ఇవి తినేసే వెలుతురు తక్కువేం కాదు. రేడియన్స్‌లో కాంతి ఎన్నిసార్లు తిరిగి కొట్టుకోవాలో చెప్పే సెట్టింగ్ ఐదో ఆరో ఉందా, ఒకటో రెండో పెడితే లోపలి గదులు నిజానికన్నా చీకటిగా కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం బ్లైండ్లు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు గాజు టవర్లను మధ్యాహ్నం చూడండి, బ్లైండ్లు దింపేసి లోపల లైట్లన్నీ వేసుకుని ఉంటారు. సిమ్యులేషన్‌లో బ్లైండ్లు ఎప్పుడూ తెరిచే ఉన్నాయనుకుంటే కాగితం మీద మంచి మార్కులు వస్తాయి, బిల్లు మాత్రం తగ్గదు.

హైటెక్ సిటీ దగ్గరున్న సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని వీలైతే చూసి రండి. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు, అమెరికా బయట లీడ్ ప్లాటినం వచ్చిన మొదటి బిల్డింగ్. గుండ్రటి ప్లాన్, మధ్యలో కోర్ట్‌యార్డ్, జాలీ గోడలు. గదుల లోతు తక్కువ ఉంచి రెండు వైపుల నుంచి వెలుతురు తీసుకోవడం ఎలా ఉంటుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల లోతు దాకా వెలుతురు అందుతుందని పాత లెక్క, 7 అడుగుల లింటెల్ అయితే 14 నుంచి 17.5 అడుగులు. అంతకన్నా లోతైన ఫ్లోర్‌ని ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

కరెంటు లెక్క కావాలంటే

డేలైట్ మ్యాప్ కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పదు. దానికి ఎనర్జీప్లస్ లాంటి ఇంజిన్ కావాలి, ఉచితమే, దాని మీద డిజైన్‌బిల్డర్ లాంటి పెయిడ్ సాఫ్ట్‌వేర్ పనిని తేలిక చేస్తుంది. లైట్లు, ఏసీ, గాజు, గోడ అన్నీ కలిపి లెక్కేస్తుంది కాబట్టి రెండు గాజుల మధ్య తేల్చుకోవడానికి ఇదే సరైనది. వెలుతురు ఉన్నప్పుడు లైటు ఆరే ఏర్పాటు ఉంటేనే ఆదా నిజమవుతుంది, కాబట్టి సెన్సర్లు పెట్టండి, అంత బడ్జెట్ లేకపోతే కనీసం కిటికీ పక్క వరుస లైట్లకు వేరే స్విచ్ ఇప్పించండి, వైరింగ్ అయ్యాక మార్చాలంటే గోడలు కొట్టాల్సి వస్తుంది.

ఇళ్లకైతే ఎనర్జీ సిమ్యులేషన్ దాకా వెళ్లక్కర్లేదు. ఇళ్ల కోసం చేసిన ఎనర్జీ కోడ్ ఎకో నివాస్ సంహిత 2018, గోడలు, కిటికీల ద్వారా వచ్చే వేడిని ఒక సూత్రంతో కొలుస్తుంది, చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదంటుంది, ఎక్సెల్ షీట్ సరిపోతుంది. గోడలో కిటికీల వాటా 30 శాతం లోపు ఉంటే గాజు కనీసం 27 శాతం వెలుతురు వదలాలని కూడా అందులో ఉంది, వేడికి భయపడి నల్లటి గాజు వేసి పగలే లైట్లు వేసుకునే పరిస్థితి రాకూడదని.

ఎవరు ఏది ఎంచుకోవాలి

సొంత ఇల్లు కడుతుంటే సన్‌పాత్, అట్ట నమూనా లేదా స్కెచప్ నీడలు, ఆకాశం కనిపిస్తుందా లేదా అనే గీత, ఇంతే. కానీ ప్లాన్ పర్మిషన్‌కి పెట్టకముందే చేయండి, స్లాబ్ పడ్డాక చేస్తే కర్టెన్ రంగు తప్ప మార్చడానికి ఏమీ మిగలదు. డక్ట్ వైపు గదుల మీద అనుమానం ఉంటే వెలక్స్ టూల్‌తో ఒక పూట కూర్చోండి.

స్కూలు కడుతుంటే డబ్బు పెట్టి ఏడాది సిమ్యులేషన్ చేయించమంటాను. పిల్లలు పగలే చదువుతారు, బోర్డు మీద మెరుపు పడితే వెనక బెంచీకి అక్షరాలు కనిపించవు, పైగా ఒక క్లాస్‌రూమ్‌కి చేసిన పని ముప్పై క్లాస్‌రూమ్‌లకు పనికొస్తుంది. ఆఫీసు ఫ్లోర్లకు ఏడాది సిమ్యులేషన్, ఎనర్జీ మోడల్ రెండూ కావాలి, రెండూ ఒకే మోడల్ నుంచి, ఒకే గాజుతో చేశారో లేదో అడగండి, చాలాసార్లు ఒక రిపోర్టులో ఒక గాజు, ఇంకో రిపోర్టులో ఇంకో గాజు ఉంటాయి.

ఫ్లాట్ కొనేవాళ్లు ఏమీ కట్టరు కాబట్టి మార్చగలిగేది తక్కువ, కానీ ఎంచుకోవచ్చు. అడ్వాన్స్ ఇచ్చేముందు సన్‌పాత్ టూల్‌లో ఆ బ్లాక్ దిక్కు పెట్టి ఏప్రిల్ 4 గంటల ఎండ ఏ గదిలో పడుతుందో చూడండి, పక్క టవర్ ఎంత దూరంలో ఉందో బ్రోషర్లో కాకుండా సైట్ ప్లాన్‌లో కొలవండి, వీలైతే ఒకసారి సాయంత్రం నాలుగైదు గంటల మధ్య వెళ్లి, లైట్లన్నీ ఆర్పించి, మాస్టర్ బెడ్‌రూమ్‌లో పది నిమిషాలు కూర్చోండి. ఫోన్‌లో లక్స్ యాప్ ఉంటే తీయండి, దాని అంకె కచ్చితంగా ఉండదు గానీ ఒకే ఫోన్‌తో రెండు ఫ్లాట్లు కొలిస్తే ఏది వెలుతురుగా ఉందో తెలుస్తుంది.